ముందు మంచినీళ్లు, తర్వాత పేరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీ కాలనీలో, సెక్టర్ 6లో నాన్నగారికిచ్చిన క్వార్టర్‌లో రెండే గదులున్నా, నేను మాత్రం తాతగారి దివాణంలో తిరుగుతున్నట్టే నడుము నిటారుగా పెట్టుకుని నడిచేవాణ్ణి. (విజయనగరం వైపు ఆ దివాణం ఎప్పుడో చేతులు మారింది. నా నడుముకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.) మా ఇంటి ఆచారం ఒకటుంది. గడపలోకి వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వాలి, తర్వాతే పేరడగాలి, చెప్పిన పేరుని అనుమానించకూడదు.

మా చిన్న ఆఫీసులో ఒక కోచింగ్ సెంటర్‌కి లైవ్ క్లాసు చాట్ తయారుచేసే పని నాకిచ్చారు. పిల్లలు లాగిన్ అయ్యాక వెబ్ సాకెట్ అనే లైను తెరుచుకుంటుంది. అందులో మాటలు ఆగకుండా అటూ ఇటూ నడుస్తాయి. ఆ లైను దగ్గర నేను మా ఇంటి మర్యాదే పాటించాను. ఎవరొచ్చినా తెరిచాను, ఏ పేరు పంపితే ఆ పేరే రాసుకున్నాను. మొదటి వారంలోనే ఎవరో ‘ఫిజిక్స్ సర్’ అనే పేరుతో వచ్చి, రేపు టెస్టు లేదని రాసేశారు. మర్నాడు అసలు ఫిజిక్స్ సర్ ప్రశ్నపత్రాల కట్టతో ఖాళీ హాల్లో ఒక్కరే కూర్చున్నారట.

మా టీమ్ లీడర్‌ని అందరం అక్కడి అలవాటు ప్రకారం దీదీ, అంటే అక్క, అనేవాళ్లం. వాళ్లది శ్రీకాకుళం. ఆవిడ నా కోడ్ చూసి తలెత్తింది.

“ఏటి రాజాబాబూ, లాగిన్ కాడ తాళమేసి, సాకెట్ కాడ తలుపు తీసి పెట్టినావా?”

“పేరు చెప్పాక మళ్లీ రుజువడిగితే బాగోదు దీదీ.”

“సాయంత్రానికి సరిచెయ్యకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదంట. బాస్ చెప్పేరు. అది బాగుంటాదా?”

గబగబా టోకెన్ పద్ధతి రాశాను. లాగిన్ అయినవాడికి సర్వర్ గంటసేపు చెల్లే చీటీలాంటిది ఇస్తుంది. సాకెట్ తెరవకముందే దాన్ని చూస్తుంది. పేరు కూడా అందులో ఉన్నదే తీసుకుంటుంది. రాయడమైతే రాశాను, నేనూ లాగినై ఒక చీటీ తీసుకున్నాను గానీ కూర్చోలేకపోయాను. కుర్చీకీ కిటికీకీ మధ్య తిరిగాను. తెప్పించుకున్న టీ చల్లారిపోయింది. ఉద్యోగం పోయిందంటే నాన్నగారు ఒక్క మాట కూడా అనరు, అదే నా భయం.

ఐదింటికి బాస్, దీదీ నా వెనక నిలబడ్డారు. కనెక్ట్ నొక్కాను. ‘మీరెవరో తెలియదు’ అంది తెర. (ఆ వాక్యం నేనే రాసిపెట్టాను.) మళ్లీ నొక్కాను, మళ్లీ అదే మాట.

“నన్నా?” అన్నాను కంప్యూటర్‌తో, పైకే.

“నిన్నే,” అంది దీదీ. “గంటన్నర నుంచి తిరుగుతున్నావు, నీ చీటీ గడువైపోయింది. బస్, అంతే. ఇప్పుడు సరిగ్గా పనిచేస్తంది. ఎల్లి లాగినవ్వు.”

బాస్ నవ్వి తన గదిలోకి వెళ్లిపోయారు. ఉద్యోగం నిలిచింది.

ఇప్పటికీ తెర మీద ఆ మాట కనబడితే, కాస్త వంగి బుద్ధిగా పాస్‌వర్డ్ కొడతాను. అప్పుడు ఆ నిటారు కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లివ్వాలనిపిస్తుంది. పేరు మాత్రం అడగను.