తడిబట్టల ప్రమాణం

మొగుళ్లపల్లి దగ్గర ఓ ఊరి బడిలో పదకొండేళ్లు పిల్లలకు అన్నం వండిన భూలక్ష్మి జన్మలో కల్లు ముట్టలేదు. తండ్రి తాగి తాగి పోయాడు, ఆ వాసన వస్తేనే ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. అలాంటి మనిషికి తాగుబోతు పేరు పెట్టడానికి ఊరికి ఒక్క ఎండాకాలం చాలింది.

ముందు ముఖం ఎర్రబడటం మొదలైంది. పొయ్యి దగ్గర లేనప్పుడు కూడా మెడ దాకా కందిపోయేది, కాసేపటికి తగ్గేది. తర్వాత విరేచనాలు. రోజుకు ఐదారుసార్లు బడి గోడ వెనక్కి పరుగెత్తేది. కల్లు అమ్మేదీ ఆ వైపే. తోటి వంటమనిషి గంగి రెండూ కలిపి పెద్దసారు చెవిన వేసింది.

"పొద్దుగాల్నే తాగొస్తున్నది సారూ. ముఖం జూడుండ్రి."

గంగి మాత్రం పండక్కీ పబ్బానికీ పుచ్చుకునే మనిషే. అయినా ఊరు ఆమె మాటే నమ్మింది.

పోచమ్మ ముందు ప్రమాణం చేస్తానని భూలక్ష్మే అడిగింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే. ఆదివారం తలమీద బిందెడు నీళ్లు కుమ్మరించుకుని, తడిబట్టలతో నలుగురి ముందు నిలబడింది. అంతమందిని చూసేసరికి భయమేసింది. "నేను కల్లు ముట్టలే తల్లీ" అంటుండగానే ఛాతీ నుంచి నుదుటిదాకా ఎరుపు పాకింది.

"అమ్మవారే చూపెట్టింది. ఇంకేం గావాలె?" అన్నాడు కులపెద్ద కరుణాకర్.

పని పోయింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఇక్కడ తోడికోడలి చోట కన్నకూతురే నిలబడింది. ఆ రోజు నుంచి రక్షిత అన్నానికి కూర్చునే ముందు తల్లి నోరు వాసన చూసేది. నాకా పిల్ల మీద ఇప్పటికీ కోపమే. భూలక్ష్మి మాత్రం రోజూ నోరు తెరిచి చూపించేది.

ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు, ముట్లుడిగే వయసు వేడి అన్నాడు, చివరికి తాగుడు మానమన్నాడు. నాలుగేళ్లు గడిచాయి. కుడి డొక్క కింద గట్టిగా గడ్డ చేతికి తగిలాక రక్షిత తల్లిని వరంగల్ పెద్దదవాఖానకు తీసుకుపోయింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"ఇది హార్మోన్లు తయారుచేసే కణాలల్ల పుట్టే కేన్సరమ్మా. అందరికీ ఒక్కతీరు రాదు. ఊపిరితిత్తులల్ల వస్తది, క్లోమంల వస్తది, పేగులల్ల వస్తది. ఒక రకం నెలలల్లనే మనిషిని తీసుకపోతది. నీది మెల్లగ పెరిగే రకం. పేగుల పుట్టి కాలేయానికి పాకింది. అది రక్తంల విడిచే రసంతోనే ముఖం ఎర్రగైతది, విరేచనాలైతయి. మనిషి భయపడ్డా ఆ ఎరుపు ఎక్కుతది. మొదట్లనే వస్తే కోసి తీసేటోళ్లమేమో. ఇప్పుడైతే నెలనెలా సూదితోని ఆపుకుంట పోవాలె."

రక్షిత తల్లి వైపు తిరిగింది.

"నాకు ముందుగాల్నే ఎందుకు చెప్పలేదే అమ్మా?"

"చెప్పిన బిడ్డా. పోచమ్మ ముంగట తడిబట్టలతోని చెప్పిన. నువ్వు గూడ ఆడనే ఉంటివి."