నాన్న గీసిన ఒక్క గీత

రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, ఒక జూలైలో, నన్ను విస్సన్నపేట దగ్గరి జిల్లా పరిషత్ హైస్కూలుకు డ్రాయింగ్ టీచరుగా బదిలీ చేశారు. హైస్కూల్లో మా హోదా తెలియనివారి కోసం చెబుతాను. పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు ముందుగా అడిగి తీసుకునేది మా పీరియడే. అడగడం కూడా మర్యాద కోసమే.

ఆ ఏడాది డ్రాయింగ్ టీచర్ల సొంత చిత్రాలతో జిల్లా ప్రదర్శన పెడతామని ఆర్డరు వచ్చింది. చిత్రం వెనక 'ఇది పూర్తిగా నేను వేసినదే' అని డిక్లరేషన్ రాసి, సంతకం చేసి, హెడ్మాస్టరు స్టాంపుతో పంపాలి. అన్నేళ్లూ నల్లబల్ల మీద కూజాలూ మందారాలూ వేసిన నాకు సొంత బొమ్మ అంటే ఏం వేయాలో తోచలేదు. తోచిందల్లా నాన్నే.

నాన్న ఆగిరిపల్లి మామిడి నర్సరీల్లో అంట్లు కట్టేవాడు. డెబ్బై దాటినా, వానలు మొదలైతే ఇంట్లో నిలిచేవాడు కాదు. టెంకమొక్క ఉన్న కుండీని తల్లిచెట్టు కొమ్మ దగ్గరికి ఎత్తి నిలిపి, కొమ్మనూ మొక్కనూ ఒకే కొలతలో చెక్కి, చెక్కిన చోట్లు రెండూ ఆనేలా బిగించి కట్టడం ఆయన పని. రెండు మూడు నెలలకు అవి ఒకటవుతాయి. అప్పుడు కొమ్మను చెట్టు నుంచి కోస్తారు.

రెండో శనివారం సెలవున ఆయన వెనకే తోటకు వెళ్లాను. జల్లు అప్పుడే వెలిసింది. ఆకుల మీది నీళ్లు ఉండుండి రాలుతున్నాయి. చెట్ల కింద వెలుతురు పచ్చగా, చెరువు అడుగున ఉన్నట్టుగా ఉంది. అందులో నాన్న చేతులు కదులుతుంటే ఎంతసేపు గడిచిందో తెలియలేదు. చిన్నప్పుడు ఆ చేతుల్ని చూస్తూనే ఆ చెట్ల కింద నిద్రపోయేదాన్ని. ఆయన చాకు పట్టినట్టే, బొటనవేలు ముందుకు తోసి, నేను పెన్సిలు పడతానని ఆ రోజే గమనించాను.

సాయంత్రానికి బొమ్మ ఒక కొలిక్కి వచ్చింది. చూపించాను.

"ఇట్టా చెక్కితే అంటు పట్టదమ్మాయ్," అన్నాడు నాన్న.

నా పెన్సిలు తీసుకుని, బొమ్మలోని కొమ్మ మీద ఏటవాలుగా ఒక్క గీత గీశాడు. సంతకానికి బదులు వేలిముద్ర వేసే మనిషి. ఆ గీత ఎక్కడా తడబడలేదు. చివర కొంచెం లోతుగా దిగింది. దాంతో బొమ్మకు ప్రాణం వచ్చింది.

సోమవారం స్టాఫ్‌రూములో డిక్లరేషన్ రాయబోతూ ఆగిపోయాను. బొమ్మ పూర్తిగా నేను వేసినది కాదు. ఎవరూ కనిపెట్టరు, కానీ సంతకం నాది. రబ్బరుతో ఆ గీతను తుడిచేసి, అదే చోట, అదే వాలులో నేనే గీశాను. నాలుగుసార్లు గీయాల్సి వచ్చింది.

ప్రదర్శనలో నా చిత్రానికి ప్రశంసాపత్రం ఇచ్చారు. నాన్నకు ఇస్త్రీ చొక్కా తొడిగించి తీసుకెళ్లాను. ఆయన తన ముఖం ఎలా వచ్చిందో చూసుకోలేదు, నేరుగా కొమ్మ వైపే చూశాడు.

"నేను గీసింది ఏదమ్మా?"

"అదే నాన్నా," అని అబద్ధమాడాను.

ఆయన వేలు పెట్టబోయి, అద్దం ఉందని ఆగాడు. "ఇది నాది కాదులే. ఇది పట్టదు," అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత మిగతా బొమ్మలు చూడటానికి వెళ్లాడు. నాకు సిగ్గేసింది.

రూలు ప్రకారం నేను చేసింది సరైన పనే. డిక్లరేషన్ కింద 'ఒక్క గీత మా నాన్నది' అని రాసి పంపవచ్చని, ఒప్పుకోకపోతే తిప్పి పంపేవారని, అంతకు మించి ఏమీ జరిగేది కాదని అప్పుడు తోచలేదు. నాన్న పోయాక ఆ కొమ్మను చాలాసార్లు వేశాను. ఆ గీత రాలేదు. పిల్లల బొమ్మల్ని తుడిచి దిద్దడం డ్రాయింగ్ టీచర్లందరికీ అలవాటే. నేను మాత్రం మిగిలిన సర్వీసంతా వాళ్ల గీతను అలాగే ఉంచి, పక్కన గీసి చూపించాను.