గంజి బాబాయి కడిగిన తేనెపెట్టె

గంజి బాబాయికి లోకం మీదున్న అసహ్యాన్ని తూచాలంటే తక్కెడ చాలదు, లారీలు తూచే కాటా కావాలి. తలుపు గడియ పట్టుకోవడానికి ఓ రుమాలు, ఆ రుమాలు పట్టుకోవడానికి ఇంకో రుమాలు. ఎవరన్నా తుమ్మితే వీధి చివరిదాకా ఊపిరి బిగబట్టి నడిచేవాడు. లాండ్రీ కొట్టు ఆయనది. జనం విప్పి పడేసిన బట్టలే బతుకు. సంచీ విప్పినప్పుడల్లా "ఛీ, మనుషులేనా వీళ్ళు" అని ప్రతి మరకనీ, మరక చేసినవాణ్ణీ కలిపి తిట్టి, ఆపైన దాన్ని ఆనవాలు లేకుండా లేపేసేవాడు. ఆయన గంజి పెట్టిన చొక్కా మీద వాలిన దోమ కాలు జారి నడుం విరగ్గొట్టుకుందని వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. అది కుంటుకుంటూ వెళ్ళడం చూసినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇలాంటి మనిషి ఇంట్లో పిల్లి లేదు, కుక్క లేదు. మొక్క పెడదామని పిన్ని అంటే, మొక్కంటే మట్టేగా అని మొహం తిప్పుకున్నాడు. ఆ ఇంట్లో ఊపిరి పీల్చేది వాళ్ళిద్దరే.

ఓ రోజు మేడ మీద దుప్పట్లు ఆరేసే గుంజకి తేనెటీగల గుంపు వచ్చి వేలాడింది. గుమ్మడికాయంత ఉందని పిన్ని అంది. ఏనుగు తలకాయంత ఉందని పక్కింటివాళ్ళన్నారు. బాబాయి "థూ" అంటూ చీపురుతో మెట్లెక్కాడు. ఎక్కినవాడు దిగలేదు. పిన్ని వెళ్ళి చూస్తే నీళ్ళ బకెట్టు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. బకెట్టు అంచున ఒక ఈగ ముందుకాళ్ళతో మొహం తుడుచుకుంటోంది. మొహం అయ్యాక మీసాలు, మీసాలయ్యాక రెక్కలు.

"ఏమే, చూశావా దీన్ని? మన కొట్టుకొచ్చేవాళ్ళలో ఒక్కడన్నా ఇలా తుడుచుకున్నాడా?" అన్నాడు.

పెళ్ళయినప్పట్నించీ ఆయన ఒక ప్రాణిని మెచ్చుకోవడం పిన్ని వినలేదు. తననైనా సరే. వీటిని పెంచుతానన్నాడు. కింద వాటాలో ఉండే ఇంటావిడ మాత్రం, రేపు పొద్దు వాలేలోగా ఇవి ఇక్కణ్ణించి కదలకపోతే మందు కొట్టేవాణ్ణి పిలుస్తానని మెట్ల మీద నించే తేల్చి చెప్పింది. అంటే ఆలోగా వాటికో ఇల్లు చూడాలి.

మర్నాడు పొద్దున్నే తేనెపెట్టెలమ్మే కొట్టుకి వెళ్ళాడు. కొట్టువాడు ముందు అంతస్తుల పెట్టె చూపించాడు. లోపల చట్రాలు, చట్రాలకి మైనపు రేకులు. ఈగలకి శ్రమ తగ్గుతుందన్నాడు. ఆ మైనం ఎక్కడిదని అడిగితే, పాత తేనెపట్లు కరిగించి పోసిందేనన్నాడు. ఎవరో నమిలి ఉమ్మిన దాంట్లో నా ఈగలు కాపురం చెయ్యాలా అని బాబాయి ఓ అడుగు వెనక్కేశాడు. పువ్వులు లేని రోజుల్లో పంచదార పాకం పొయ్యాలన్నాక ఇంకో అడుగు వేశాడు. జిగురంటే ఆయనకి పాముకన్నా భయం. తరవాత తొలిచిన చెట్టు మొద్దు చూపించాడు. దాన్ని విప్పే పని లేదు, ఈగల ఇష్టం ఈగలదే. విప్పకపోతే లోపల ఏం పురుగు చేరిందో ఎలా తెలుస్తుందని దానికీ ముక్కు మూసుకున్నాడు.

చివరికి మనసు పడింది తొట్టిలాంటి పొడుగు పెట్టె మీద. పైన వరసగా అడ్డకర్రలు, అంతే. కర్రకి ఈగలే సొంత మైనంతో పట్టు దించుకుంటాయి. మనం కావాలంటే ఒక్కో కర్ర ఎత్తి చూడొచ్చు, లేదా మన పని మనం చూసుకోవచ్చు. అయితే అది చేసివ్వడానికి వారం పడుతుందన్నాడు కొట్టువాడు. పిన్ని తమ్ముడు ఒకప్పుడు సరిగ్గా అలాంటి పెట్టెలోనే ఈగల్ని పెంచి, అవి లేచిపోయాక షెడ్డులో పడేశాడు. అడగ్గానే తెచ్చి మేడ మీద దింపి, మధ్యాహ్నం వస్తానని పనికి పోయాడు.

బాబాయి మూత తీశాడు. లోపల గోడలంతా నల్లటి జిడ్డు. మూలల్లో మైనపు పురుగులు అల్లిన బూజు. పాత పట్టు ముక్కలు ఎండిన పుండు చెక్కుల్లా వేలాడుతున్నాయి. వెంటనే లుంగీ ఎగ్గట్టాడు. రేకుముక్కతో జిడ్డంతా గీకి రెండు సంచుల్లో మూటకట్టి, తన చెత్తబుట్టకి కూడా ఆ గతి వద్దని వీధి చివరి కుండీలో పారేసి వచ్చాడు. సోడా మరిగించి పోశాడు. బ్లీచింగు పోశాడు. కర్రలన్నీ బ్రష్షుతో తోమాడు. ఆఖరి జాడింపులో పెళ్ళికూతుళ్ళ బట్టలకి తప్ప వాడని సెంటు మందు కలిపాడు. ఎండలో పెట్టాక ఆ పెట్టె మెరుపుకి ఆకాశంలో విమానం దారి తప్పిందంటారు.

మధ్యాహ్నం బావమరిది రాకముందే, తడి దుప్పటి ముసుగేసుకుని గుంజకున్న గుంపుని పెట్టెలోకి దులిపాడు. ఈగలు దబ్బున పడ్డాయి. రెండు నిమిషాలు లోపల తిరిగి చూశాయి. హోటల్లో పళ్ళెంలో వెంట్రుక చూసినవాళ్ళలా వరస కట్టి బయటికి నడిచి, మళ్ళీ గుంజెక్కాయి. ఇంకోసారి దులిపాడు. ఈసారి నడవను కూడా నడవలేదు, ఎగిరే గుంజకి చేరాయి. బాబాయి మొహం మాడిపోయింది. తనని చూసి అసహ్యించుకున్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

వచ్చిన బావమరిది పెట్టెలో తల పెట్టి, తుమ్మి, కూలబడి నవ్వాడు.

"బావా, నువ్వు కడిగింది మురికి కాదు. వాటికది ఇంటి వాసన. పాత మైనం కంపు తగిలితేనే ఇక్కడెవరో బాగా బతికారని నమ్మి దిగుతాయి. ఏదీ, గీకిందంతా ఎక్కడ?"

బాబాయి వీధి చివరికి చూశాడు. లుంగీ మళ్ళీ ఎగ్గట్టాడు. కింద ఇంటావిడ అప్పుడే ఫోను చెవి దగ్గర పెట్టుకుని వరండాలోకి వచ్చింది.

కుండీలో ఆయన సంచుల మీద వీధంతా తన ఎంగిలి పోసేసింది. కుళ్ళిన పళ్ళు, క్షవరం వెంట్రుకలు, పసిపిల్లల గుడ్డలు. రుమాలు మొదటి గుప్పెడికే జారిపోయింది. మిగతాదంతా ఉత్త చేత్తోనే. చేతికి మెత్తగా తగిలినవేమిటో ఆయన ఇప్పటికీ చెప్పడు. సంచులు పట్టుకుని వస్తుంటే జనం ముక్కు మూసుకుని దారిచ్చారు.

కడిగిన చెక్కకి ఆ జిడ్డు అంటడం లేదు, జారిపోతోంది. కరగాలన్నాడు బావమరిది. బాబాయి కొట్టులోకి వెళ్ళి ఇస్త్రీపెట్టె తెచ్చాడు. పురుగుల బూజుతో సహా ఆ నల్ల ముద్దని చెక్క మీద పరిచి, కళ్ళు మూసుకుని, అంచు నించి అంచుకి ఇస్త్రీ చేశాడు. పొగ లేచింది, కంపు లేచింది. పిన్ని కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక్కో అడ్డకర్రకీ చేత్తోనే పూశాడు.

ఇంటావిడ మందువాణ్ణి వెంటబెట్టుకుని మెట్లెక్కేసరికి బాబాయి మూడోసారి దులిపాడు. నాలుగైదు ఈగలు అంచున నిలబడి తోకలెత్తి, మిగతావాటిని రమ్మన్నట్టు రెక్కలాడించాయి. పెట్టెలోవి కదల్లేదు. గాల్లో ఉన్నవి కూడా దిగి, గుమ్మం తెరవగానే పెళ్ళి భోజనాలకి ఎగబడే జనంలా లోపలికి తోసుకున్నాయి. గుంజ ఖాళీ అయింది. మందువాడు ఇంటావిడ వంక చూశాడు. ఆవిడ పెట్టె వంక చూసి, కంపు తగిలి, వాణ్ణి వెంటబెట్టుకుని దిగిపోయింది.

మసక పడ్డాక అడ్డకర్రలు సర్దాలని, అంతదాకా చేతికి సబ్బు తగలనిస్తే ఆ వాసనకి మళ్ళీ లేచిపోతాయని బావమరిది చెప్పి వెళ్ళాడు. బాబాయి రెండు చేతులూ తనవి కానట్టు దూరంగా చాపుకుని పెట్టె పక్కనే కూర్చున్నాడు. పిన్ని పళ్ళెం తెచ్చి ముద్ద నోటి దగ్గర పెట్టింది.

"ఛీ, కంపు" అని మొహం తిప్పుకున్నాడు.

"మీదేనండీ. నోరు తెరవండి" అంది పిన్ని.