మంచు నిలిచిన తల

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని సామెత. అరకులో మా ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఆ పెత్తనం ఏడేళ్లపాటు నాది. పగలు సైన్సు చెప్పేదాన్ని, మిగతా వేళల్లో వార్డెన్ని. వేసవి సెలవులకు కొండ ఊళ్లకు వెళ్లిన ఆడపిల్లలు జూన్‌లో ట్రంకుపెట్టెతో పాటు పేలు కూడా తెచ్చేవారు. ఒక తలలో ఉన్నవి వారం తిరిగేసరికి గదిలో అందరి తలల్లోకీ పాకేవి. అందుకని నేనొక రూలు పెట్టాను. ఆదివారం పొద్దున్న అందర్నీ వరండాలో వరసగా కూర్చోబెట్టి పేలదువ్వెనతో చూడటం, పేను కనబడితే చెవుల దాకా జుట్టు కత్తిరించేయడం. కత్తెర నా చేతిలోనే ఉండేది. జాలి మాత్రం స్టాఫ్ రూములో వదిలేసి వచ్చేదాన్ని.

ఒక జూన్‌లో ఎనిమిదో తరగతి పిల్ల తలలో ఒకే ఒక పేను దొరికింది. నడుము దాటిన జుట్టు ఆ పిల్లది. నా రెండు చేతులూ పట్టేసుకుంది.

"వద్దు మేడం. వచ్చే పండక్కి నన్ను థింసాకి రమ్మన్నారు, మొదటిసారి. పక్కకొప్పు ఎట్టుకోవాల మేడం. రోజూ దువ్వుకుంటాను."

థింసా అంటే ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా ఆడే ఆట. పక్కకు కొప్పు ముడిచి పూలు పెట్టుకోకుండా ఆ పిల్ల ఊళ్లో ఎవరూ వరసలో నిలబడరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను, "రూలంటే రూలే. జుట్టంటే ఏమిటే, చచ్చిపోయిన కణాలు. మళ్లీ వస్తుందిలే."

ఆ పిల్ల ఏడవలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని క్లాసుకు వచ్చేది. "ఏమిటా వేషం, తీసెయ్" అని రోజూ గదిమేదాన్ని. చైత్రంలో పండగొచ్చినప్పుడు వరస బయటే నిలబడి చూసిందని మా వంటామె నాకు చెప్పింది. విని, సాంబారులో ఉప్పు ఎక్కువైందన్నాను.

ఆ వేసవిలోనే నా రొమ్ములో గడ్డ బయటపడింది. విశాఖపట్నంలో అక్క ఇంట్లో ఉండి కీమోలు చేయించుకున్నాను. రెండోది ఎక్కించే ముందే, తలంటుకుంటుంటే జుట్టు గుప్పిళ్లకొద్దీ చేతిలోకి వచ్చేసింది. అక్క బకెట్ పక్కన కూర్చుని ఏడుస్తుంటే డాక్టరు మాట నాకు గుర్తొచ్చింది. "మళ్లీ వస్తుందమ్మా, దాందేముంది" అన్నారాయన. ఆ మాట విన్నప్పుడే నా ఒళ్లు మండిపోయింది. అది అచ్చంగా నా మాటే అని ఆ తర్వాత తెలిసింది.

చివరి కీమో అయిపోయాక, కార్తీకంలో మళ్లీ బడికి వచ్చాను. తలకు గుడ్డ కట్టుకుని సంతకు వెళితే కూరగాయలమ్మే ఆవిడ అడిగింది.

"ఏ దేవుడికిచ్చీసినారమ్మా జుట్టు?"

"సింహాచలం అప్పన్నకి" అనేశాను.

"మంచి పని సేసినారు" అని రెండు వంకాయలు కొసరు వేసింది. మొక్కని మొక్కుకు ప్రసాదం తిన్నదాన్ని నేను. అప్పన్నే క్షమించాలి.

రెండు నెలల్లో వస్తుందన్నారు. రోజూ స్నానాల గదిలో అరచేత్తో తల తడుముకునేదాన్ని. నున్నగా, చల్లగా ఉండేది. రాదేమోనని భయం పట్టుకుంది. "ప్రాణం దక్కింది, చాలదా?" అని అక్క ఫోనులో కోప్పడేది. చాలదు. నాకు జుట్టు కావాలి. ప్రాణం దక్కిందని నా చేతికి తెలియాలంటే తల మీద ఏదో ఒకటి మొలవాలి. ఈ మాట ఎవరితోనూ అనలేదు. పిల్లలకు జుట్టు చచ్చిన కణాలని నేర్పినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అంటాను?

నేను తిరిగొచ్చాక కత్తెర అలమారలోంచి తీయలేదు. అలాగని రూలు ఎత్తేశానని కూడా చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున కట్టుకునే గుడ్డ ఆరక, పొగమంచులో ఎవరూ చూడరులే అని బోడితలతోనే కుళాయి దగ్గరకు వెళ్లాను. మా దగ్గర ఆ నెలలో పక్కనున్న మనిషి కనబడడు. పది నిమిషాలు నిలబడి ఉంటాను. మంచులోంచి వేడినీళ్ల బకెట్‌తో ఎవరో వచ్చారు. చూస్తే ఆ పిల్లే. ఇప్పుడు తొమ్మిదో తరగతి, జుట్టు భుజాలకు దిగింది. వంటామె పంపిందట. నేను గబుక్కున చేతులు తల మీద పెట్టుకున్నాను. తువ్వాలు చుట్టుకుని కూర్చున్న పిల్లను రోజూ గదిమిన చేతులవి.

"తియ్యండి మేడం, తుడిసేత్తన్నారు" అంది.

"ఏమిటే?"

"మంచు. మీ తల మీద నిలబడిపోయింది." దగ్గరకొచ్చి మునివేళ్ల మీద లేచి చూసింది. "నున్నటి రాయి మీద మంచు జారిపోద్ది మేడం. గడ్డి ఉంటేనే నిలబడతాది."

వేళ్లతో తాకి చూసుకున్నాను. తడి. ఆ తడి కింద, అప్పుడే పుట్టిన పిల్ల ఒంటి మీద ఉండేలాంటి మెత్తటి నూగు. రోజూ అరచేతికి అందనిది, మంచుకు తడిసిన వేలికొసలకు అందింది. ఎన్ని వేల చుక్కలో, ఒక్కో నూగు మీద ఒక్కొక్కటి. నేను చూడలేను. అద్దం లేదు. నా తల మీద ఏముందో ఆ పిల్ల కళ్లలోనే చూసుకోవాలి. అది నోరు తెరిచి, నవ్వకుండా, అలాగే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత వారాల్లో నా తల నాకే వింతయిపోయింది. నూగు రాలి నల్లటి మొలకలు వచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక నా జుట్టు చీపురుపుల్లల్లా తిన్నగా ఉండేది. ఈసారి రింగులు తిరిగింది. ఎవరు చెప్పారు దానికి రింగులు తిరగమని? ఇరవయ్యేళ్లు బోర్డు మీద వెంట్రుక బొమ్మ గీసి, కుదురును సుద్దముక్కతో చూపించినదాన్ని. ఎన్నిసార్లు విషం పోసినా ఆ కుదురు మూసుకోకుండా లోపల కూర్చుని ఎదురుచూసిందన్న సంగతి ఏ బొమ్మలోనూ గీయలేదు. క్లాసు మధ్యలో చెయ్యి తల మీదకు పోయేది, పాఠం మర్చిపోయేదాన్ని. పిల్లలు నవ్వేవారు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు గానీ, నాకు కొప్పుతో పని లేదు. వేలెడు జుట్టు గాలికి కదిలితే నెత్తి మీద చక్కిలిగింత పుడుతుంది. దానికే దేవుడు కనబడ్డంత ఆశ్చర్యం.

ఫాల్గుణంలో ఒక ఆదివారం, వరండాలో పేలు చూసుకుంటున్న వరస చివర నేనూ చతికిలబడ్డాను.

"నాకూ చూడవే" అన్నాను ఆ పిల్లతో, ఆటపట్టిస్తున్నట్టు. నిజానికి దువ్వెన తగలాలని ఉంది. ఏడాది కావస్తోంది నా తలను దువ్వెన ముట్టుకుని.

ఆ పిల్ల పై మెట్టు మీద కూర్చుని నా తల మోకాళ్ల మధ్య పెట్టుకుంది. దువ్వెన రింగుల్లో చిక్కుకుంటూ మెల్లగా నడిచింది. నాలుగోసారి ఆగిపోయింది.

"ఓలమ్మో! పేనుంది మేడం."

వరసలో దువ్వెనలన్నీ ఆగిపోయాయి. నాకు మాత్రం గుండె పొంగింది. పేను తెలివైనది, బతికున్న తల మీదే కాపురం పెడుతుంది. ఒక పురుగు వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడ బతకొచ్చని నా తల చూసి నమ్మింది. కళ్లు తుడుచుకుని పైకి చూస్తే పిల్లలెవరూ నవ్వడం లేదు. అందరూ అలమార వైపు చూస్తున్నారు.

రూలు పెట్టింది నేనే. వేలెడు జుట్టు. అయినా అన్నాను, "వెళ్లి కత్తెర తేవే."

ఆ పిల్ల లేవలేదు. పేనును గోటి మీద పెట్టి టక్కున నలిపింది. తర్వాత నా తల మళ్లీ మోకాళ్ల మధ్యకు వంచుకుంది.

"ఒక్క పేనుకి జుట్టంతా ఎవులైనా తీసేత్తారా మేడం? కదలకండి, నాను సూత్తాను."

నేను కదల్లేదు.