అరటికాయ సంబూసా

ఆ రోజుల్లో నాకు అనుమానం లేనిది మంచినీళ్ల మీద ఒక్కటే. అదీ నా చేత్తో మరిగించి, పాత చీర గుడ్డలో వడకట్టుకున్నాక. మిగతా ఒమన్ అంతటి మీదా అనుమానమే. డెబ్బైల చివర్లో, పెళ్లయిన మూడో నెలలో, కాకినాడ నుంచి బొంబాయి మీదుగా మస్కట్‌లో దిగిన శాకాహారి పిల్లని మరి. బయల్దేరేటప్పుడు మా నాయనమ్మ మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "చూడు నాయనా, సముద్రం దాటి తీసుకెళ్తున్నావు, సరే. అక్కడ దాని నోటికి నీచు తగిలిందో, మర్నాడే విమానం ఎక్కించి పంపించెయ్యి" అంది. ఆయన "పూచీ నాదండీ" అన్నారు. నేను పక్క నుంచి, "ఎవరూ పంపించక్కర్లేదు, నేనే వచ్చేస్తాను" అన్నాను. అందరూ నవ్వులాటగా తీసుకున్నారు గానీ నేను నిజంగానే అన్నాను. (మా ఆయనకి ఆ సంగతి తెలుసు. తర్వాత జరిగిందంతా అందుకే జరిగింది.)

కొట్టుకి వెళితే ప్రతి డబ్బానీ తిప్పి తిప్పి చూసేదాన్ని. అరబ్బీ రాదు. ఇంగ్లీషు అక్షరాలు చీమల్లా ఉండేవి. బొమ్మే దిక్కు. డబ్బా మీద ఆవు బొమ్మ ఉంటే లోపల ఉన్నవి పాలా, ఆవా? ఎవరు చెబుతారు? ఇక అక్కడి హల్వా అయితే గిన్నె కదిపితే చాలు, వణికేది. వణికేది ఏదైనా ఒకప్పుడు ప్రాణం ఉన్నదేనని నా సిద్ధాంతం. "గంజిపొడి, పంచదార, నెయ్యి, అంతేనోయ్" అని మా ఆయన ఒట్టేసి చెప్పారు. "నెయ్యి ఎవరిది?" అని అడిగాను. ఆయన గిన్నె మూత పెట్టేశారు.

అలాంటి నన్ను మా ఆయన షికారు తీసుకెళ్తానన్నారు. ఆయన కంపెనీలో పెద్ద ఇంజనీరు ఒక ఇంగ్లీషాయన. ఆయనకో మోటార్ హోమ్ ఉండేది. బస్సుకి తమ్ముడిలా ఉండే ఆ బండిలోనే మంచం, బల్ల, సింకు, స్టవ్, కిటికీలకి పూల పరదాలు. మేం దాన్ని ఇల్లుబండి అనేవాళ్లం. ఆయన సెలవు మీద తన దేశం వెళ్తూ, మూడు రోజులు సెలవు కలిసొచ్చింది కదా, బహ్లా అనే పాత కోట ఊరి దాకా తిరిగి రండని తాళాలు ఇచ్చాడు. షరతు ఒక్కటే, స్టవ్ వెలిగించకూడదు. అంతకుముందు ఎవరో పరదాకి నిప్పంటించారట. "వండకుండా మూడు రోజులా?" అని మా ఆయన దిగాలు పడ్డారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. వండని తిండి గురించి మనకి ఇంకొకళ్లు చెప్పాలా? వడపప్పు, పానకం, చలిమిడి. అటుకులు మజ్జిగలో నానేసి ఉప్పూ పచ్చిమిరపకాయ ముక్కలూ కలిపితే పొద్దుటి ఫలహారం. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా తరిగి నిమ్మకాయ పిండితే సాయంత్రానికి. ఇవి కాక కీరదోసకాయలు, ఖర్జూరాలు, ముందే చేసి డబ్బాకెత్తిన జంతికలు. సామానంతా చూసి మా ఆయన, "ఏమోయ్, మనం వెళ్లేది షికారుకా, మూడు రోజుల శ్రీరామనవమికా?" అన్నారు.

మాతో పాటు మా పక్క ఫ్లాటు నర్సక్క కూడా బయల్దేరింది. నరసాపురం దగ్గర మనిషి, ఆసుపత్రిలో డ్యూటీ. వాళ్ల తమ్ముడు బహ్లాలో సైట్‌లో పని చేస్తుంటే చూసొద్దామని ఆవిడ ఉద్దేశం. ఆదివారం ప్రార్థన ఎన్నడూ మానేది కాదు. చేపల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇంచుమించు అంత భక్తీ కనిపించేది. నాకు ఆవిడంటే ఇష్టమే. ఆవిడ గిన్నెలంటేనే అనుమానం.

మస్కట్ శివార్లలో అల్ మవాలే దగ్గర రోడ్డు పక్కన ఒక మలబారు ముసలాయన టీ కొట్టు ఉండేది. అందరూ ఆయన్ని కాకా అనేవాళ్లు. టీ తాగొస్తానని దిగిన మా ఆయన, నూనె ఓడుతున్న కాగితం పొట్లంతో తిరిగొచ్చారు. "వేడి వేడి సంబూసాలు. వెజిటబుల్ కావాలని గట్టిగా చెప్పి మరీ కట్టించాను" అన్నారు. సంబూసా అంటే మన సమోసా లాంటిదే, పై పొర పల్చగా ఉంటుంది. ఆయన బండి నడుపుతుంటే నేను ఒకటి తీసి వాసన చూశాను. వెలుతురులోకి ఎత్తి చూశాను. మూల తుంచి చూశాను. లోపల పొడిపొడిగా, తెల్లతెల్లగా ఏదో ఉంది, ఉల్లిపాయా మిరియాలూ ఎండునిమ్మకాయ పులుపూ తగులుతున్నాయి. నాలుక మీద వేసుకున్నానో లేదో, ప్రాణం పుట్టింటికి వెళ్లిపోయింది. "ఏమండీ! అరటికాయ పొడికూర! ఆవపెట్టలేదు గానీ అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది!" అని కేక పెట్టాను. ఆ దేశంలో అడుగు పెట్టాక నా అనుమానం నిద్రపోవడం అదే మొదలు. ఫంజా ఊరు వచ్చేలోపు నాలుగు తిన్నాను.

అప్పుడు వెనక సీట్లోంచి నర్సక్క ఒకటి తీసుకుంది. కొరికింది. దవడ ఆగిపోయింది. నా వంక చూసింది, అద్దంలోంచి మా ఆయన వంక చూసింది. "బాబూ, ఒక్కసారి బండి ఆపు. వెనక టైరు చూడాల" అంది. నర్సుకి టైరుతో ఏం పని? ఇద్దరూ దిగి బండి వెనక్కి వెళ్లారు. ఎంతసేపటికీ రారు. వచ్చేసరికి మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీరూ తినండి" అని పొట్లం చాపితే "పొట్టలో బాలేదోయ్" అన్నారు. నర్సక్క నా ఒళ్లోంచి పొట్లం లాక్కుని, "నాకిచ్చెయ్యమ్మాయ్, పొద్దుట్నించీ ఏం తిన్లేదు" అని మిగిలినవన్నీ ఒక్కర్తే లాగించింది. గంట కిందటే మా ఇంట్లో ఆరిడ్లీలు తిన్న మనిషి! నిద్రపోయిన అనుమానం లేచి కూర్చుంది.

ఆ తర్వాత మా ఆయన తీరే మారిపోయింది. ఆగిన చోటల్లా గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చి, "దుమ్ము ఎక్కువగా ఉంది, నోరు పుక్కిలించు" అనేవారు. దుమ్ము నాకొక్కదానికేనా? "ఒంట్లో బాగానే ఉందా? వికారంగా లేదు కదా?" అని మాటిమాటికీ ఆరా. చలిమిడి చూస్తే మొహం తిప్పుకునే ఆయన, బహ్లా చేరేలోపు రెండుసార్లు అడిగి పెట్టించుకున్నారు. మూడు నెలల కాపురంలో నా వంటని ఆయన అంతగా మెచ్చుకోవడం చూడలేదు. (అది వంట కూడా కాదు.) తప్పు చేసిన మొగుడే పెళ్లాం చేతి చలిమిడి మారడుగుతాడని నాకు గట్టిగా అనిపించింది.

బహ్లాలో ఊరి చుట్టూ ఉన్న పాత మట్టిగోడ కనిపించేలా, ఖర్జూరపు తోట పక్కన బండి నిలబెట్టాం. సాయంత్రం, వడపప్పు గిన్నె కడుక్కుందామని నీళ్ల కాలవ దగ్గరికి వెళ్తుంటే చెట్ల అవతల వాళ్లిద్దరి మాటలు వినిపించాయి. "చెప్పేద్దాం బాబూ. చిన్నపిల్ల, పాపం" అంటోంది నర్సక్క. "వద్దక్కా. తెలిసిందంటే ఒక్క క్షణం ఉండదు. వెళ్లిపోతుంది" అంటున్నారు మా ఆయన. నా చేతిలో గిన్నె జారి కాలవలో పడి కొట్టుకుపోయింది. అక్కడే గట్టు మీద కూర్చుని లెక్కలు వేసుకున్నాను. ఈయన నాకు తెలియకుండా నీచు తింటారు. వండి పెట్టేది ఈవిడే. ఆ టీ కొట్టు వీళ్ల అడ్డా. అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. కోపం కంటే ముందు భయం వేసింది నాకు. అంత పెద్ద దేశంలో నాకు తెలిసిన మనిషి ఆయనొక్కరే. ఆ ఒక్కరూ తెలియని మనిషైపోతే నాకింకెవరున్నారు? ఆయన స్నానానికి వెళ్లినప్పుడు విడిచిన చొక్కా తీసి వాసన చూశాను. పెట్రోలు, చెమట, నా జంతికలు. ఇంకేం లేదు. ఎంత జాగ్రత్తపరుడో అనుకున్నాను.

మర్నాడు పానకం తాగుతుండగా వల వేశాను. "తిరిగి వెళ్లేటప్పుడు ఆ కాకా కొట్టు దగ్గర ఆగుదామండీ. అరటికాయ అంత పొడిపొడిగా ఎలా వస్తుందో అడగాలి" అన్నాను. ఆయనకి పొలమారింది. "ఆ కొట్టు మూసేసుంటాడు" అన్నారు. "ఆ రోడ్డు తవ్వేశారంట" అంది నర్సక్క అదే క్షణంలో. ఇద్దరూ ఒకేసారి అబద్ధం ఆడితే ఒక్కటే చెప్పుకోవాలని కూడా తెలీదు వీళ్లకి! దొంగలు దొరికారు, ఇక సొత్తు దొరకడమే మిగిలిందనుకున్నాను.

మూడో రోజు తిరిగొస్తుంటే అల్ మవాలే దగ్గర మా ఆయన బండి వేగం పెంచారు. "ఆపండి. ఆపకపోతే దూకుతాను" అన్నాను. ఆపారు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని దిగేలోపు ఆయన పరుగున వెళ్లి కాకా చెవిలో ఏదో చెప్పి, దణ్ణం కూడా పెట్టారు. ముసలాయన పెద్దగా తలూపి నా దగ్గరికి వచ్చాడు. అలవాటైన నోరు ముందు అలవాటైన మాటే అనేసింది. "అమ్మా, ఆజ్ సంబూసా నహీ. మఛ్లీ నహీ ఆయా."

"చేప రాకపోతే అరటికాయకేమైంది?" అన్నాను నాకొచ్చిన హిందీలో.

కాకా నాలిక కరుచుకున్నాడు. మా ఆయన వంక చూశాడు. ఒప్పుకున్న మాట గుర్తొచ్చింది. "హా, హా, కేలా! కేలా భీ నహీ ఆయా అమ్మా. సముందర్ మే తూఫాన్!"

నేను కాకినాడలో పుట్టి పెరిగాను. అరటికాయల్ని వల వేసి పట్టరని నాకు తెలుసు. వెనకాల నర్సక్క "ప్రభువా" అంటూ బండి చక్రానికి చేరబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కాకా మాత్రం తనేం మోసం చేయలేదని వాదించాడు. వెజిటబుల్ కావాలన్నారు, అందులో ఉల్లిపాయ ఉందిగా!

నేను బండెక్కి పూల పరదా లాక్కుని మంచం మీద కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. కడుపులో నాలుగు సంబూసాలు ఎప్పుడో అరిగిపోయాయి, ఇప్పుడు చేసేదేముంది? మా ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డారు. "మీరెన్ని తిన్నారు?" అని అడిగాను. "ఒక్కటీ తిన్లేదు. నేను బండి నడుపుతున్నా కదా" అన్నారు. నిజమే. మూడు రోజులు కళ్లల్లో వత్తులు వేసుకుని నేను వెతికిన ఆ బండిలో, దొంగతనంగా నీచు తింటున్న శాకాహారి ఎవరయ్యా అంటే నేనే.

"టికెట్టు కొనండి" అన్నాను.

"కొంటాను. రెండు కొంటాను" అన్నారు. "మీ నాయనమ్మ దగ్గర పూచీ పడింది నేను. చీవాట్లు తినాల్సిందీ నేనే. ఆవిడ తిట్టడం అయ్యాక ఇద్దరం కలిసి తిరిగొద్దాం. నువ్వు లేకుండా ఇక్కడ నేనేం చేస్తానోయ్?"

ఆయన గొంతు వణికింది. వణికే వాటి మీద నాకుండే అనుమానం ఆ ఒక్కసారికి రాలేదు. తలుపు దగ్గర నర్సక్క మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. "ఏడిస్తే ఏడిచావు గానీ అమ్మాయ్, ఒక్కటి చెప్పు. బాగుందా, లేదా?" అంది. ఏడుస్తూనే "బాగుంది" అన్నాను. ఆ తర్వాత ముగ్గురం నవ్విన నవ్వుకి కాకా కూడా కొట్టు వదిలి చూడటానికి వచ్చాడు.

ఇంటికెళ్లి తలంటు పోసుకున్నాను. టికెట్టు కొనలేదు. రెండేళ్ల తర్వాత సెలవుకి వెళితే నాయనమ్మ, "అక్కడేం తినేవాళ్లే?" అని అడిగింది. "అరటికాయ పొడికూర, నాయనమ్మా" అన్నాను. ఎంత దూరం వెళ్లినా మన తిండి మానలేదని ఆవిడ మురిసిపోయింది. మా ఆయన గుమ్మంలోంచి మెల్లిగా పెరట్లోకి జారుకున్నారు.

ఇప్పుడు నాకు ఏ డబ్బా మీదా అనుమానం లేదు. అక్షరాలు కళ్లద్దాలు పెట్టుకున్నా కనిపించవు, అది వేరే సంగతి. సంబూసాని ఎండకెత్తి చూసిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. అరటికాయ పొడికూర మాత్రం ఇప్పటికీ తరచూ చేస్తాను. మిరియాలు దంచి వేస్తాను, ఉల్లిపాయ సన్నగా తరిగి వేస్తాను, ఎండునిమ్మకాయ ఎక్కడ దొరికినా తెప్పించి పొడి చల్లుతాను. రుచి చూసి, "ఉహుఁ, ఇంకా ఏదో తక్కువైందండీ" అంటాను. మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుకుంటారు. ఏం తక్కువైందని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.