క్రంబ్ చివరి మాట

ఆంబ్రోస్ ఫెన్ సినిమాల్లో ఎన్నిసార్లు చచ్చాడో ఆయనకే లెక్క తెలియదు. దయ్యాల సినిమా అన్నాక మొదటి పావుగంటలో ఎవడో ఒకడు చావాలి. ఆ ఒకడు ఆయనే. గబ్బిలం కరిచి చచ్చాడు, నెత్తిన దీపాల గుత్తి పడి చచ్చాడు, ఒకసారి గులాబీ మొక్క మింగేసింది. "రెండో రీల్లో ఏం జరుగుతుందో నేను టికెట్టు కొనుక్కుని తెలుసుకోవాలి" అనేవాడు. ఆ సినిమాలకు బట్టలు చూసేదాన్ని నేను. పంచదార పాకంలో రంగు కలిపిన నెత్తుర్ని ఆయన చొక్కాల మీంచి ఉతికీ ఉతికీ నా చేతులు అరిగిపోయాయి. అందుకే ఆయన మీద నాకు కాస్త హక్కుందనుకునేదాన్ని.

ఆ చలికాలం థేమ్స్ ఒడ్డున పాత భవంతిలో తీసిన సినిమాలో మాత్రం ఆయన దశ తిరిగింది. అందులో ఒక్కడూ తిన్నగా ఉండే మనిషి లేడు. చచ్చిన మొగుడికి ఇంకా మేజోళ్ళు అల్లే జమీందారిణి, తోడేలును పెంచుతూ మేనల్లుడని పరిచయం చేసే కర్నలు, శవపేటికలో పడుకుంటే తప్ప నిద్రపట్టని పాస్టరు. వీళ్ళందరికీ టీ అందించే బట్లరు క్రంబ్, మా ఆంబ్రోస్. క్రంబ్ చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు కాబట్టి పని మానలేదు. ముందే చచ్చినవాణ్ణి మళ్ళీ చంపలేరు గనక ఆంబ్రోస్ మొట్టమొదటిసారి ఆఖరి రీలుదాకా మిగిలాడు. పైగా సినిమాలో చివరి మాట ఆయనదే.

"ఓల్వెన్, లైట్లు వెలిగేటప్పుడు జనం చెవిలో ఉండేది నా మాటేనమ్మా!" అన్నాడు నాతో. డెబ్బై దాటిన మనిషి, కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోయాడు.

మా నాటకాలవాళ్ళకో పట్టింపు ఉంది. చివరి మాటను రిహార్సల్లో పలకరు. జనం వచ్చి కూర్చున్నాకే పలకాలి, ముందే పలికితే కీడు. ఆంబ్రోస్ ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో పెరిగినవాడు. జమీందారిణి వేషం వేసిన హనోరియా క్విల్ "ఇక చాలు క్రంబ్, నువ్వు వెళ్ళొచ్చు" అనగానే, తన మాటకు బదులు "తానన తననా" అని తలవంచేవాడు. మిగతా సినిమా అంతా ఆయనకు "చిత్తం అమ్మగారూ" తప్ప మాటల్లేవు. సినిమాకు ఈ పట్టింపేమిటని నవ్వినా, డైరెక్టరు డెస్మండ్ ముచ్చటపడి ఊరుకున్నాడు.

హనోరియాకు అలాంటి ముచ్చట్లు లేవు. నరం లేని నాలుక ఆవిడది.

"ఏమయ్యా ఆంబ్రోస్, దక్కక దక్కక ఒక్క మాట దక్కింది. దాన్ని కూడా దాచుకుంటున్నావా, పిసినారీ?"

"నీలాంటివాళ్ళు ఎత్తుకుపోతారని భయం, హనోరియా."

"నీ దగ్గర ఎత్తుకుపోవడానికి ఏముందయ్యా, ఆ పెట్టుడు పళ్ళా?"

అందరం నవ్వేవాళ్ళం. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వేవాడు.

చివరి సన్నివేశం తీసే రోజు పొద్దున ఆయనకు కాలరు బిగిస్తున్నాను. "ఓల్వెన్, నా మాటేమిటో ఒకసారి చెప్పమ్మా" అన్నాడు. "'అయితే సమాధి తలుపు దగ్గరికి వేసుకుని పడుకుంటానండి, అమ్మగారూ'" అని చెప్పాను. ఆయన పలికాడు, చక్కగా పలికాడు. బొత్తాం పెట్టేలోగా మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. చేతికి గ్లౌజులు తొడిగేలోగా మరోసారి అడిగాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ మేమంతా పట్టింపు అనుకున్నది పట్టింపు కాదు. మాట గుర్తుండక ఆయన దాని చాటున దాక్కున్నాడు.

అద్దంలో నా మొహం చూశాడు. "ఎవరికీ చెప్పకమ్మా. తెలిస్తే నన్ను తీసేసి ఇంకొకణ్ణి పెడతారు. ఈ ఒక్కసారి నన్ను చివరిదాకా ఉండనీ."

చెప్పనని మాటిచ్చాను.

భవంతి హాల్లో పొగ వదిలారు, రబ్బరు గబ్బిలాలు వేలాడదీశారు. హనోరియా అల్లిక పక్కన పెట్టి, "ఇక చాలు క్రంబ్, నువ్వు వెళ్ళొచ్చు" అంది. ఆంబ్రోస్ చేతుల్లో టీ ట్రే ఉంది. నలుమూలలా చూశాడు. తలుపులవైపు చూశాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఎక్కడికి వెళ్ళాలండీ, అమ్మగారూ?"

డెస్మండ్ పడీ పడీ నవ్వాడు. "అబ్బ, రాసినదానికంటే ఇదే బాగుంది! చచ్చినవాడు ఎక్కడికి పోతాడు పాపం! ఛ, నా నవ్వు కూడా రికార్డయింది. మళ్ళీ చేద్దాం, అచ్చం అలాగే!" తెలియక అన్న మాటే. అయినా అతని చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

ఆంబ్రోస్ అచ్చం అలాగే చేశాడు. ఈసారి ఓ గబ్బిలం తీగ తెగి కప్పులో పడింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే వెతుకులాట, అదే మర్యాద, అదే ప్రశ్న. "వెంట్రుకవాసి తేడా లేదు, నటనంటే ఇదీ!" అని కెమెరా దగ్గర ఎవరో అన్నారు. తేడా ఎందుకుంటుంది? ఆ మనిషి ప్రతిసారీ కొత్తగా అడుగుతున్నాడు.

డెస్మండ్ కట్ అనేదాకా హనోరియా ఆగలేదు. అల్లిక కిందపడేసి లేచింది. ఆయన చేతుల్లోంచి ట్రే తీసుకుని బల్లమీద పెట్టి, మోచెయ్యి పట్టుకుంది.

"నాతో రా, ఆంబ్రోస్. నేనున్నానుగా. పద, టీ తాగుదాం."

"కట్! అసలు పేరు పెట్టి పిలిచేశావు హనోరియా, ఆ ముక్క పనికిరాదు!" అని అరిచాడు డెస్మండ్.

"నీ ముక్క నువ్వు కోసుకో" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

సినిమా వచ్చేనాటికి ఆంబ్రోస్ ముసలి నటుల ఆశ్రమంలో ఉన్నాడు. హాలుదాకా తీసుకురాగల స్థితి దాటిపోయింది. ఆదివారాలు హనోరియా వెళ్ళి ఆయన్ను తిట్టి, కేకు తినిపించి వచ్చేది. సినిమాకు మేమిద్దరమే వెళ్ళాం, వానలో తడుస్తూ. తెరమీద ఆంబ్రోస్ "ఎక్కడికి వెళ్ళాలండీ, అమ్మగారూ?" అనగానే హాలంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే సినిమా అయిపోయి లైట్లు వెలిగాయి. ఆయన కోరుకున్నట్టే జరిగింది. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

హనోరియా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పాను కదా, ఓల్వెన్? నువ్వక్కడే ఉన్నావు. చెప్పాను కదా?"

"చెప్పారు, మిస్ క్విల్" అన్నాను.