తలుపు దగ్గరి చుక్కలు

1944 ఎండాకాలం. వరంగల్‌లో ఒక నూలు మిల్లులో నేను టెస్టింగ్ రూమ్ క్లర్కుని. నూలు ఎంత సన్నంగా ఉంది, ఎంత బరువుకి తెగుతుంది అని పరీక్షించే గది అది. దాంతోపాటు రింగ్ ఫ్రేముల దగ్గర, అంటే నూలు వడికే యంత్రాల దగ్గర, ఎవరి చేతికింద పోగులు ఎంత తరచుగా తెగుతున్నాయో లెక్కపెట్టడం కూడా నా పనే. ఈ రెండో పని పుణ్యమా అని మిల్లులో నాకు ఒక్క స్నేహితుడూ లేడు. అట్ట, పెన్సిలు పట్టుకుని నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి, మొహాలు అటు తిరిగేవి. పనివాళ్ల లెక్కలో నేను మేనేజరు మనిషిని, మేనేజరు లెక్కలో మనిషినే కాదు. ఊరు కాని ఊరు, కాజీపేటలో అద్దె గది, పెళ్లీ పెటాకులూ లేవు. ఆదివారం సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఆ ఏడాది పోగులు తెగ తెగుతున్నాయి. యుద్ధకాలం, నూలు ఎంత తీసినా చాలని రోజులు. బొంబాయి నుంచి కొత్తగా వచ్చిన స్పిన్నింగ్ మాస్టరు నన్ను పిలిచి స్కాటర్ డయాగ్రమ్ గీయమన్నాడు. కాలేజీలో నేర్చుకున్నదే. గ్రాఫు కాగితం మీద అడ్డంగా పనివాడి వయసు, నిలువుగా అతని దగ్గర తెగిన పోగులు. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. అన్నీ పెట్టాక కాగితాన్ని దూరంగా పట్టుకుని చూస్తే రెంటికీ ఉన్న పొత్తు కనబడుతుంది. నా చుక్కలు ఎడమ నుంచి కుడికి, చీమల బారు గట్టెక్కినట్టు పైకి పోయాయి.

మాస్టరు తృప్తిగా తల ఊపాడు. ఆయన మాటలు ఉర్దూలో ఉండేవి. "చూశావా? వయసు మీద పడితే చేయి మందగిస్తుంది. యాభై దాటిన వాళ్లను నెలాఖరుకు పంపేద్దాం" అన్నాడు.

అందులో ఒకడు సాంబయ్య. తరతరాల మగ్గం మనిషి. నూలు దొరకక మగ్గం మూలన పడేసి మిల్లుకొచ్చినవాడు. గోడకు చెవులుంటాయంటారు గానీ, మిల్లు గోడలకు నోళ్లు కూడా ఉంటాయి. మర్నాడు పొద్దున్నే ఆయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, మమ్ముల తీసేస్తాండ్రట గదా. నిజమేనా?"

"ఇంకా ఏం తేలలేదు కాకా."

"తేలితే జర ముందుగాల చెప్పు. ఇంట్ల ముసల్దానికి కండ్లు కానరావు. ఇద్దరికీ ఈ నౌకరే బువ్వ."

కోపం లేదు, ఏడుపు లేదు. వాన వస్తదా అని అడిగినట్టు అడిగాడు. నిజం చెప్పాలంటే, ఆయన కష్టం కంటే ముందు నాకు తట్టింది వేరే. ఆ మిల్లులో ఒక మనిషి తనంతట తానుగా వచ్చి నాతో మాట్లాడటం అదే మొదలు.

ఆయన పోయాక కాగితం మళ్లీ ముందేసుకున్నాను. మాస్టరు చూపు బారులో ఉన్న చుక్కల మీద నిలిచింది. నా చూపు బారు తప్పిన వాటి మీదకు పోయింది, బహుశా నేనూ అలాంటివాణ్ణే కాబట్టి. అలాంటివి రెండున్నాయి. కుడి చివర, బాగా కింద ఒకటి. వయసులో అందరికంటే పెద్దవాడు, పోగులు మాత్రం తెగడం లేదు. అది చెవిటి ఐలయ్య. ఎడమ వైపు, ఎక్కడో పైన ఇంకొకటి. అది జాబరు మేనల్లుడు. జాబరంటే పనివాళ్ల మీది మేస్త్రీ. కుర్రాడికి మీసాలు కూడా సరిగా రాలేదు, పోగులు మాత్రం ముసలాయన దగ్గర తెగినట్టు తెగుతున్నాయి.

లేచి హాల్లోకి పోయి చూశాను. ఐలయ్య నట్టనడుమ ఫ్రేము మీద ఉన్నాడు. మేనల్లుడు పెద్ద తలుపు పక్కన ఉన్నాడు.

"నీకు ఈ జాగా ఎట్లా దొరికింది?" అని అడిగాను.

"మా మామ ఇప్పిచ్చిండు సారూ. గిది పెద్దమనుషుల జాగ. ఈడ గాలొస్తది, పక్కోని మాట ఇనవడ్తది."

ఇది ఆఫీసులో ఎవరూ పెట్టిన రూలు కాదు. యంత్రాల హోరులో నోటి మాట చెవికి అందేది ఆ తలుపు దగ్గర ఒక్కచోటే. అందుకని వయసుకు మర్యాదగా పెద్దవాళ్లకు ఆ ఫ్రేములు వదిలేవారు. చెవిటి ఐలయ్య మాత్రం ఆ మర్యాదతో పనిలేక లోపలే ఉండిపోయాడు. పత్తి నూలుకు తేమ కావాలి, పొడిగాలి తగిలితే పెళుసుబారి తెగుతుంది. ఆ తలుపులోంచి వచ్చేదేమో వరంగల్ వడగాలి. తేమ కొలిచే థర్మామీటర్లు రెండు చోట్లా పెట్టి చూశాను, అనుమానం తీరింది.

మళ్లీ డయాగ్రమ్ గీశాను. తలుపు దగ్గరివాళ్లకు ఎర్ర సిరా, లోపలివాళ్లకు నీలం. ఎర్రవన్నీ పైన ఒక గుంపు, నీలంవన్నీ కింద ఒక గుంపు. ఎర్రవాటిని విడిగా చూస్తే వయసుతో పైకి పోవడం లేదు, నీలంవీ అంతే. వయసు మనుషుల్ని తలుపు దగ్గరికి చేర్చింది. పోగుల్ని తెంపింది గాలి.

మాస్టరు నవ్వాడు. "రంగులేస్తే నిజం మారుతుందా?"

"మారదు సాబ్. ఒక వారం మనుషుల్ని మార్చి చూడండి."

చెడ్డవాడు కాదు, ఒప్పుకున్నాడు. పెద్దవాళ్లను లోపల తలా ఒక మూలకు, కుర్రవాళ్లను తలుపు దగ్గరికి పంపాడు. వారం తిరక్కుండానే కుర్రవాళ్లు పోగుల్ని తిట్టుకుంటూ కనబడ్డారు. సాంబయ్య చుక్క జారి కింద పడింది. ఎవర్నీ తీసేయలేదు. తలుపుకు తడి గోనె తెరలు కట్టిద్దామని నేనంటే, "తడపడానికి ఇంకో మనిషా? మూసేయండి" అని మాస్టరు తలుపుకు తాళం వేయించాడు. పెద్దవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు.

నాకు లోకం జయించినంత సంతోషంగా ఉంది. ఎవరికైనా చెప్పుకోవాలి, చెప్పుకోవడానికి ఎవరున్నారు? సాంబయ్య దగ్గరికే పోయాను. హోరులో నేను అరిచింది ఆయనకు వినబడలేదు. షిఫ్టు అయ్యాక గేటు బయట కలిశాడు.

"నౌకరి నిలవెట్టినవ్ బిడ్డా, నీ కడుపు సల్లగుండ" అన్నాడు. కొంచెం దూరం నడిచాక మళ్లీ అందుకున్నాడు. "గని ఆ తలుపు కాడ నల్గురం ముచ్చట వెట్టుకునేటోళ్లం. పొద్దు ఎట్ల వోయేదో ఎరుక లేకుండె. ఇప్పుడు పొద్దంత నోరు తెర్సుడు లేదు."

"నాతో చెప్పు కాకా, వింటాను" అన్నాను. ఆ మాట ఆయన కోసం ఎంత అన్నానో, నా కోసమూ అంతే అన్నాను.

ఆయన ఆలోచించాడు. "ఏం చెప్పాల్నో యాదికొస్తలేదు బిడ్డా" అని వాళ్ల వాడకట్టు వైపు మళ్లిపోయాడు. నేను స్టేషను దారి పట్టాను.

తర్వాత చాలా ఏళ్లు అలాంటి డయాగ్రమ్‌లు గీశాను, కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పాను. కాకి వాలడం, తాటిపండు పడటం కలిసి జరిగినంత మాత్రాన కాకి మీద నేరం మోపకండి అంటాను. బారు తప్పిన చుక్క కనబడితే లేచి వెళ్లి ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడో చూడండి అంటాను. వీటిని రాసుకుంటారు. ఇంకొకటి కూడా చెబుతాను, దాన్ని ఎవరూ రాసుకోరు: చుక్క బాగుందని సంబరపడేముందు ఆ మనిషిని పలకరించండి. ఆ నెల డయాగ్రమ్‌లో సాంబయ్య చుక్క అన్నిటికంటే కింద ఉంది. మాస్టరు దాన్ని వేలితో చూపించి, ఇంత మంచి చుక్క మిల్లులో ఇంకొకటి లేదన్నాడు.